కడపటి క్రోసు

యాత్ర యనగానే మన స్త్రీలకు ముందుగా దోచునది దైవదర్శనము. కాళ్లమాట కడపట దోచును. కాని నడిచిపోవు యాత్రలో మనలను దైవసన్నిధికి జేర్చునవి యా కాళ్లే. కావున వానినిగూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మంచిర్యాల జిల్లా జన్నారము మండలమున కలమడుగు గ్రామమునొద్ద గోదావరిలో హస్తినమడుగు కలదు. ఏటేట పుష్యమాసమున ఆదిలాబాదు జిల్లాలోని కేస్లాపురమునుండి మెస్రం వంశపు గోండులు చెప్పులు లేక నడిచివచ్చి, ఇచ్చటి జలమును ఝరిలో నింపుకొని, మరల కాలినడకనే పోవుదురు. పుష్యబహుళ అమావాస్య రాత్రి నాగోబాకు ఆ జలముతో అభిషేకము జరుగును. వంశమునకు వచ్చిన క్రొత్త కోడండ్రను దేవునికి జూపు భేటింగు కూడ ఆ రాత్రియే. అటుపిమ్మటనే వారు వంశపు పూజలలో పాల్గొందురు.

అమావాస్య యెవ్వరికొఱకును ఆగదు గదా! అందుచేత నిట్టి యాత్రలలో కడపటి దినములందు కాలికి దెబ్బ తగిలినవారు, "ఇంతదూరము వచ్చితిమి, ఇంక నొక్క క్రోసే" యని బాధను దాచుకొందురు. గాయములకు అనువైన కాలమును అదియే. అలసిన కండరములు పాదమును సరిగా నిలుపజాలవు. అడుగు తడబడి మడమ బెణకును. చలికి పగిలిన అరికాలిలో ముల్లు సులభముగా దిగును.

బొబ్బ లేచినచో చర్మమును చింపక, శుభ్రమైన గుడ్డ కట్టవలెను. ముల్లు గ్రుచ్చుకొన్నచో తీసివేసి, సబ్బుతోను మంచినీళ్లతోను కడిగి, ధనుర్వాతపు సూదిమందు విషయమై వైద్యునడుగవలెను. బెణికిన కాలికి వేడినూనెతో గట్టిగా మర్దనచేయుట మన యిండ్లలో వాడుక. మొదటి రెండుమూడు దినములందు దానివలన వాపు హెచ్చును. చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తున నుంచి విశ్రమించుట మేలు.

నాలుగడుగులైన వేయలేకున్నను, ఎముకమీద నొకేచోట నొప్పి యడుగడుగునకు హెచ్చుచున్నను, ఎముక విరిగెనేమోయని యనుమానింపవలెను. గాయమునుండి ఎఱ్ఱని చార పైకి ప్రాకినను, జ్వరము వచ్చినను జాగు పనికిరాదు. అట్టివారు క్రోసు దూరమున్నను ఆగి, బండి యెక్కి ఆసుపత్రికి పోవలెను. మధుమేహము గలవారికి అరికాలు మొద్దుబారి గాయము తెలియకపోవచ్చును. వారు వట్టికాళ్లతో నడువరాదు. ప్రతిసాయంకాలము మఱియొకరిచే అరికాళ్లు చూపించుకొనవలెను.

"మ్రొక్కు చెడదా?" యని కొంద రడుగవచ్చును. కేస్లాపురపు నడక యొక్కరి మ్రొక్కు కాదు. వంశమంతయు గూడి చేయు వ్రతము. ఒకరు వెనుక నిలిచినను తక్కినవారు జలమును చేర్తురు. మన యాత్రలును ఒంటరివి కావు; తోడు వచ్చినవారు మన మ్రొక్కుబడిని మనపేర సమర్పింపగలరు. కాలు మానిన పిదప మఱియొకప్పుడు పోవచ్చును.

ఇంటిలో నొప్పిని చెప్పక పనిచేయుట మన స్త్రీలకు అలవాటు. ఆ యలవాటునే యాత్రకును వెంటబెట్టుకొని పోవుదురు. ఈయేడు గూడెము సత్యనారాయణస్వామి గుట్టకో, శ్రీశైలమునకో నడిచిపోదలచిన సోదరీమణులు బయలుదేరకముందే తోడివారితో నొక యొడంబడిక చేసికొనవలెనని మా మనవి: ఎవ్వరికి నొప్పి కలిగినను అప్పుడే చెప్పవలెను, చెప్పినవారిని ఎవ్వరును గేలిచేయరాదు.