కాంతిలోని ఆనవాళ్లు

చీరకు తగిన రవికగుడ్డ కొనబోయిన స్త్రీలు ఆ రెంటిని పట్టుకొని, దుకాణపు గడప దాటి వీథిలోనికి వచ్చి పగటి వెలుగులో పోల్చి చూచుకోవడము మనమందరము ఎరిగినదే. దుకాణదారునకు ఇది కొంత విసుగు. "లోపల ఇన్ని దీపాలున్నవి కదమ్మా" అంటాడు. మా అమ్మగారు ఆ మాటను ఎన్నడును లెక్కచేయలేదు. ఒక్కసారి మాత్రము, మా చెల్లెలి పెండ్లి హడావిడిలో, రాత్రి తొమ్మిది దాటిన తరువాత దుకాణపు దీపముల క్రిందనే నేరేడురంగు పట్టుచీరకు రవికగుడ్డ ఎంచినాము. రెండును ఒకే తానులో నుండి కత్తిరించినట్లు కలిసిపోయినవి. మరునాడు వాకిట పరచి చూస్తే ఒకటి నేరేడు. రెండవది ఇటుకపొడి కలిపిన నేరేడు. చెల్లెలు కంటతడి పెట్టినంత పని చేసింది. గుడ్డ రంగు రాత్రికి రాత్రి మారలేదు. మారినది వెలుగు.

తెల్లగా కనబడే వెలుగులన్నీ ఒకే వెలుగు కావు. ఎండను పట్టకము గుండా పంపితే ఎరుపు మొదలు ఊదా వరకు రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోతూ బారులు తీరుతవి. ట్యూబులైటు వెలుగును అట్లే విడదీస్తే కొన్ని రంగులు దట్టముగాను, కొన్ని పలుచగాను, కొన్ని దాదాపు లేనట్లుగాను కనబడతవి. ఇప్పుడు ఇంటింటా వెలుగుతున్న ఎల్.ఇ.డి. దీపము నిజానికి నీలిదీపము. పైన వేసిన పసుపుపచ్చని పూత ఆ నీలిలో కొంత భాగమును ఇతర రంగులుగా మార్చగా, మన కంటికి అది తెల్లగా తోస్తుంది. గుడ్డకు తనదంటూ వెలుగు లేదు. తనపై పడిన దానిలో కొంత మ్రింగి, మిగిలినది తిప్పి పంపుతుంది. దీపములో లేని రంగును అది ఎక్కడి నుండి తెచ్చి పంపగలదు? రెండు అద్దకములకు భేదము ఆ లేని రంగులోనే ఉన్నట్లయితే, ఆ దీపము క్రింద అవి కవలపిల్లలే. ముహూర్తము రాత్రివేళ కావడము మా అదృష్టము. పెండ్లికి వచ్చినవారు ఎవరును ఏమియు గమనించలేదు.

ఇంట్లో మూలపడిన పాత సి.డి. ఏదైనా ఉంటే శ్రోతలు దీనిని స్వయముగా పరీక్షించవచ్చును. దాని మెరుగు వైపున ట్యూబులైటు ప్రతిబింబమును ప్రక్కవాటుగా పట్టి చూడండి. రంగులు ముక్కలు ముక్కలుగా విడిపోయి కనబడతవి. పాతకాలపు తీగె బల్బు క్రింద అదే సి.డి.లో ఎడతెగని రంగులపట్టీ వస్తుంది. సూర్యుని ప్రతిబింబమును మాత్రము ఈ విధముగా ఎన్నడును చూడరాదు, కంటికి హాని.

అనగా వెలుగు తాను ఎక్కడ, దేనివలన పుట్టినదో ఆ ఆనవాలును తనలో ఉంచుకొనే వస్తున్నదన్నమాట. దీనికి సాక్ష్యము వంటింటిలోనే ఉన్నది. గ్యాసుపొయ్యి మంట నీలముగా ఉంటుంది. పప్పుచారు పొంగి దానిపై చిందినప్పుడు ఆ మంట ఒక్కసారి పసుపుపచ్చగా భగ్గుమంటుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియముది. పరమాణువులోని ఎలక్ట్రానులు వేడిమికి ఒక మెట్టు ఎక్కి, తిరిగి దిగునప్పుడు, ఎక్కిన ఎత్తుకు సరిపడిన వెలుగును విడిచిపెడతవి. ఒక్కొక్క మూలకమునకు ఆ మెట్ల ఎత్తులు వేరు వేరు. ఒకదాని మెట్లు మరొకదానికి ఉండవు. సోడియము పసుపు రెండు సన్నని గీతలుగా, 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉంటుంది. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఈ అంకెలను కొంచెము గుర్తుంచుకోవలెను.

1801లో మ్యూనిక్ నగరములో ఒక అద్దాల పనివాని ఇల్లు కూలి, తల్లిదండ్రులు లేని పదునాలుగేండ్ల శిష్యుడు శిథిలముల క్రింద చిక్కుకున్నాడు. బ్రతికి బయటపడిన ఆ కుర్రవాడే జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్. 1814లో అతడు తాను చేసిన మేలైన పట్టకముతో సూర్యకాంతిని విడదీయగా, రంగుల నడుమ అయిదువందలకు పైగా నల్లని గీతలు కనబడినవి. ముఖ్యమైనవాటికి అక్షరములతో పేర్లు పెట్టినాడు. పసుపులోని జంటగీతకు 'డి' అని పేరు. అవి ఏల వచ్చినవో తెలియకుండగనే 39వ ఏట మరణించినాడు. ఇంతలో 1835లో ఆగస్ట్ కోంట్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త, నక్షత్రములు ఏ పదార్థముతో ఏర్పడినవో మానవుడు ఎన్నటికిని తెలుసుకోలేడని వ్రాసినాడు. పండితులు 'ఎన్నటికిని' అనే మాటను కొంచెము పొదుపుగా వాడితే మంచిది. పాతికేండ్లయినా గడవకముందే, 1859లో, హైడెల్‌బర్గులో కిర్కాఫ్, బున్సెన్ ఆ చిక్కు విప్పినారు. వేడిలో తాను వెదజల్లే రంగునే మూలకపు ఆవిరి తన గుండా పోయే వెలుగులో నుండి మ్రింగివేస్తుంది. సూర్యుని చుట్టును సోడియము ఆవిరి ఉన్నది కనుకనే 'డి' గీతల చోట చీకటి.

ఈ కథ ఇక్కడ నుండి మన దేశమునకు వస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము నాడు చంద్రుని నీడ గుంటూరు, మచిలీపట్నముల మీదుగా సాగినది. పారిస్ నుండి పియెర్ జాన్సెన్ గుంటూరు వచ్చినాడు. బాల్యములో జరిగిన ప్రమాదము వలన ఆయన కాలు కుంటిది. అయినను గ్రహణమెక్కడ ఉంటే ఆయన అక్కడ ఉండవలసినదే. (రెండేండ్ల తరువాత శత్రుసేనలు పారిస్‌ను ముట్టడించి ఉండగా, మరొక గ్రహణము కొరకు బెలూను ఎక్కి నగరము దాటిపోయినాడు. తీరా అక్కడ మబ్బు పట్టింది!) ఆ దినమున గుంటూరులో సూర్యుడు అయిదు నిమిషములకు పైగా పూర్తిగా మరుగుపడినాడు. అంచున లేచిన ఎర్రని జ్వాలలను జాన్సెన్ వర్ణపటదర్శినితో పరీక్షించి, అవి ప్రధానముగా హైడ్రోజను వాయువని గ్రహించినాడు. ఆ గీతలు ఎంతో ప్రకాశవంతముగా ఉండడము చూచి, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునని తోచింది. మరునాడు ఎండలోనే చూచినాడు కూడా.

గుంటూరులో హీలియము కనుగొన్నారని మనవారు చెప్పుకుంటారు. అది సగము నిజము. ఆనాటి గ్రహణములో పసుపుపచ్చని గీత ఒకటి పలువురు పరిశీలకులకు కనబడిన మాట వాస్తవమే. సోడియముదనే చాలమంది తలచినారు. మచిలీపట్నములో చూచిన మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్, అది సోడియము గీతకు సరిగా కలియడము లేదని గుర్తించినాడు గాని మాట అంతటితో ఆగిపోయింది. అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అనే ఉద్యోగి, గ్రహణముతో నిమిత్తము లేకుండా, తన పరికరముతో ఆ జ్వాలలను చూచి ఆ గీత స్థానమును నిర్ణయించినాడు. 587.6 నానోమీటర్లు. సోడియము గీతకు దానికి దూరము ఒకటిన్నర నానోమీటరు లోపే. ఆ వెంట్రుకవాసి తేడాలో భూమిపై ఎవరును ఎరుగని మూలకము దాగి ఉన్నది. సూర్యుని గ్రీకు పేరును బట్టి దానికి హీలియమని పేరు పెట్టినారు.

కాకినాడ నుండి జాన్సెన్ వ్రాసిన లేఖయు, లాకియర్ వార్తయు పారిస్ విజ్ఞాన పరిషత్తునకు ఒకే దినమున చేరినవి. ఫ్రెంచి ప్రభుత్వము 1872లో ఇద్దరి ముఖములతో ఒకే పతకము పోయించింది. రసాయన శాస్త్రజ్ఞులు మాత్రము చేతికి చిక్కని మూలకమును నమ్మడానికి చాలకాలము జంకినారు. 1895లో విలియం రామ్సే యురేనియము గల ఒక ఖనిజమును ఆమ్లములో వేసి, పైకి వచ్చిన వాయువును వర్ణపటదర్శిని ముందు పెట్టినాడు. అదే గీత! ఆస్పత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రపు అయస్కాంతమును సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో ఉంచుతున్న ద్రవము ఈనాడు ఆ హీలియమే.