పాత కంప్యూటరు – కొత్త ఆట

కంప్యూటరులో ఒక కొత్త ఆటను ఎక్కించి నడపబోతే, ఆట రావడానికి బదులు "ఈ గ్రాఫిక్సు పరికరానికి మద్దతు లేదు" అనే వాక్యం తెరమీద వచ్చి నిలిచిపోవడం కద్దు. అన్నగారో, అక్కగారో వాడి ఇచ్చిన పాత లాప్‌టాప్ ఉన్న విద్యార్థులలో చాలమందికి ఈ అనుభవం కలిగే ఉంటుంది. ఆ వాక్యం చూచి కొందరు యంత్రం ఇక పనికిరాదని నిశ్చయించుకొంటారు. కొందరు కొత్తది కొనిపెట్టమని తలిదండ్రులను ఒత్తిడి చేస్తారు. మరికొందరు ఎవరో ముక్కుమొగం తెలియనివారు ఇచ్చిన ప్రోగ్రాములను దింపుకొని, బాగుగా ఉన్న యంత్రాన్ని కూడ చెడగొట్టుకొంటారు. ఈ పనులలో దేనికైనా పూనుకొనే ముందు ఒక ప్రశ్న వేసుకోవలెను. మద్దతు లేదు అనగా అసలు అర్థమేమిటి?

ఆ మాట వెనుక మూడు వేరువేరు సంగతులు దాగి ఉండవచ్చును. పనిచేసే శక్తి చాలకపోవడం ఒకటి. కావలసిన అంగమే లేకపోవడం రెండవది. శక్తీ, అంగమూ ఉండి కూడ, నడుమ మాట చేరవేసే దుబాసి లేకపోవడం మూడవది. జ్వరానికీ, విరిగిన ఎముకకూ ఒకే చికిత్స ఉండదు కదా! అట్లే ఈ మూడింటికీ మందులు వేరు.

బొమ్మ ఎట్లా ఏర్పడుతుంది?

కంప్యూటరు తెర పిక్సెళ్లు అనే చిన్న చిన్న రంగు చుక్కల కూర్పు. సాధారణమైన తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. అనగా మొత్తం 20,73,600. ఆటలో బొమ్మ కదులుతున్నట్లు కనబడవలెనంటే సెకండుకు 60 బొమ్మలు గీయడం మంచిది. కనీసం 30 అయినా కావలెను. సెకండుకు 60 చొప్పున లెక్కవేస్తే ప్రతి సెకండుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించవలసి ఉంటుంది. ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే.

ఈ పనిని వరినాట్లతో పోల్చవచ్చును. మేస్త్రి ఎంత తెలివిగలవాడైనా ఒక్కడే ఎకరం మడి నాటలేడు. వరుసగా నిలిచిన కూలీలు అందరూ ఒకే పనిని ఏకకాలంలో చేసినప్పుడే మడి నిండుతుంది. కంప్యూటరులోని ముఖ్య ప్రాసెసరు మేస్త్రి వంటిది. రకరకాల పనులను ఒకదాని వెంట ఒకటి నేర్పుగా చేస్తుంది. గ్రాఫిక్సు ప్రాసెసరు కూలీల బంతి వంటిది. ఒకే చిన్న లెక్కను వేలాది చుక్కలకు ఒక్కమారుగా చేస్తుంది. ఆ చిన్న లెక్కను చెప్పే ప్రోగ్రామును షేడరు అంటారు.

విడి గ్రాఫిక్సు కార్డులో ఈ కూలీల బంతికి సొంత జ్ఞాపకశక్తి, అనగా మెమరీ, సొంత విద్యుత్తు ఉంటాయి. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్సులో బంతి చిన్నది. అది ముఖ్య ప్రాసెసరు ఉన్న తునకలోనే ఒక మూల ఉండి, మెమరీని, విద్యుత్తును దానితో పంచుకొంటుంది. 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగవ తరం ప్రాసెసర్లను ఉదాహరణగా తీసుకొందాము. ‘హాస్‌వెల్’ అనేది వాటి మారుపేరు. పలుచని లాప్‌టాప్‌లలో వాడిన ఆ ప్రాసెసర్లలో అనేకం, లోపలి హెచ్‌డి 4400 గ్రాఫిక్సుతో సహా, 15 వాట్ల హద్దులో పనిచేసేవి. అదే సంవత్సరం ఎన్‌విడియా సంస్థ విడుదల చేసిన జిటిఎక్స్ 760 అనే విడి కార్డు ఒక్కటే 170 వాట్ల వరకు వాడుకొంటుంది.

మొదటి సంగతి: శక్తి చాలకపోవడం

కూలీలు ఎందరున్నా నారు కట్టలు సకాలంలో అందకపోతే నాట్లు సాగవు. ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్సుకు తరచు అడ్డుపడేది ఇదే. కూలీల కొరత కంటె గట్టు ఇరుకు పెద్ద బాధ. మెమరీ నుంచి సమాచారం వచ్చే దారిని గట్టు అనుకోండి. 1600 రకం డిడిఆర్3 మెమరీ పలక ఒక్కటి సెకండుకు గరిష్ఠంగా 1280 కోట్ల బైట్లు అందించగలదు. పైన చెప్పిన విడి కార్డు మెమరీ సుమారు 19,200 కోట్ల బైట్లు అందిస్తుంది. పదిహేను రెట్లు!

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాము. ఒక్కొక్క చుక్క రంగుకు 4 బైట్లు. సెకండుకు 60 బొమ్మలు ఒక్కమారు రాయడానికి సుమారు 50 కోట్ల బైట్లు పడుతుంది. ఇది స్వల్పమే. కాని ఆటలో ఒక చుక్కను ఒక్కమారే తాకడం ఉండదు. గోడమీది నమూనాను చదవవలెను, దూరాన్ని సరిచూడవలెను, ముందు గీసినదానిమీద మరొకటి గీయవలెను. ఇట్లా చుక్కకు ఇరవైమార్లు పని పడినదనుకొంటే 1000 కోట్ల బైట్లు అయినవి. ఒక్క పలక దారి దాదాపు నిండిపోయినది. ముఖ్య ప్రాసెసరు కూడ అదే దారిన నడవవలెనని మరువరాదు.

ఈ లెక్కలోనే చికిత్స కూడ ఉన్నది. బొమ్మను 1920×1080కి బదులు 1280×720 చుక్కలతో గీస్తే, చుక్కలు 9,21,600కు దిగుతాయి. పని రెండుంబావు రెట్లు తగ్గుతుంది. సెకండుకు 60 బొమ్మలకు బదులు 30తో తృప్తిపడితే మరల సగమవుతుంది. నీడలను ఆపడం మరొక మంచి ఉపాయం. నీడ ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి దీపం ఉన్న చోటు నుంచి దృశ్యం మొత్తాన్ని ఇంకొకమారు గీయవలసి వస్తుంది. కనుక నీడలు తీసివేస్తే ఆ రెండవ గీత తప్పుతుంది. ఏఎండి సంస్థ 2021లో విడుదల చేసిన ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి పద్ధతులు తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను అంచులు చెదరకుండ పెద్దది చేసి చూపుతాయి. వాటి మొదటి రూపానికి ప్రత్యేకమైన అంగమేదీ అక్కరలేదు.

ఇంకొక ఉపాయానికి కొద్దిగా ఖర్చు ఉన్నది. చాల లాప్‌టాప్‌లలో రెండు మెమరీ పలకలకు చోటు ఉండి ఒకటే అమర్చి ఉంటుంది. రెండవ పలక పెడితే రెండు గట్లమీద నారు వచ్చినట్లు దారి రెండింతలవుతుంది. కొత్త యంత్రం కొనే ముందు ఈ సంగతి విచారించడం లాభసాటి.

రెండవ సంగతి: అంగమే లేకపోవడం

షేడర్లలో వాడే కొన్ని క్రియలకు తునకలోనే ప్రత్యేకమైన ఏర్పాటు కావలెను. మైక్రోసాఫ్టు వారి డైరెక్ట్‌ఎక్స్ విధానంలో ఇట్టి ఏర్పాట్లను తరగతులుగా విభజించి, ఒక్కొక్కదానికి ‘ఫీచర్ లెవెల్’ అని సంఖ్య ఇచ్చినారు. 2011లో వచ్చిన ఇంటెల్ హెచ్‌డి 3000 గ్రాఫిక్సు 10.1 వరకే చేరినది. 2012లో వచ్చిన హెచ్‌డి 4000 తో 11.0 అందినది. ఒక ఆట 11.0 కోరితే, బొమ్మను ఎంత చిన్నది చేసినా, నీడలు ఎన్ని తీసివేసినా హెచ్‌డి 3000 దానిని ప్రారంభించలేదు. 2024 డిసెంబరులో విడుదలైన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’ ఆట కాంతికిరణాల మార్గాన్ని లెక్కించే ప్రత్యేకాంగం గల గ్రాఫిక్సును కోరుతుంది. అక్కడా ఇదే న్యాయం.

అంగం లేనప్పుడు దాని పనిని ముఖ్య ప్రాసెసరు చేయరాదా? చేయవచ్చును. 2004లో వచ్చిన ఇంటెల్ జిఎంఏ 900 లో వస్తువుల మూలలను లెక్కించే షేడరు అంగం లేదు. ఆ పనిని డ్రైవరు ముఖ్య ప్రాసెసరు చేత చేయించేది. మొత్తం గ్రాఫిక్సు పనినంతా ఇట్లాగే చేయించే ‘వార్ప్’ అనే ప్రోగ్రామును మైక్రోసాఫ్టు 2009లో విండోస్ 7 తోపాటు తెచ్చినది. వారు దీనిని 2007 నాటి ‘క్రైసిస్’ అనే ఆటతో పరీక్షించి ఫలితాలు ప్రకటించినారు. బొమ్మ 800×600 చుక్కలు, నాణ్యత అన్నిటికంటె తక్కువ. కోర్ ఐ7 ప్రాసెసరు ఒక్కటే, గ్రాఫిక్సు సహాయం లేకుండ, సెకండుకు సగటున 7.36 బొమ్మలు గీసినది. ఆనాటి ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్సు 5.17 గీసినది. ఎన్‌విడియా 8800 జిటిఎస్ అనే విడి కార్డు 84.80 గీసినది.

ఈ మూడు అంకెలు రెండు సంగతులు తెలుపుతున్నవి. అంగం లేని పనిని లెక్కలతో అనుకరించడం సాధ్యమే. కాని, సాధ్యం కావడం వేరు, ఆడుకొనడానికి పనికిరావడం వేరు. సెకండుకు 7 బొమ్మలతో ఆట కదలదు; నెమ్మదిగా మారే చిత్రప్రదర్శన అవుతుంది. కనుక ఈ రెండవ జాతి లోపానికి నిజమైన మందు, ఆ ఆటను విడిచి యంత్రానికి తగిన మరొక ఆటను ఎన్నుకొనడమే.

మూడవ సంగతి: దుబాసి లేకపోవడం

ఆటకు గ్రాఫిక్సు ప్రాసెసరు భాష నేరుగా రాదు. నడుమ డ్రైవరు అనే ప్రోగ్రాము దుబాసిగా ఉంటుంది. దుబాసి కొత్త మాటలు నేర్వకపోతే, లోపల సమర్థత ఉన్నా బయటికి రాదు. యంత్రం పాతబడిన కొలది తయారీదారులు డ్రైవరును సవరించడం మానుకొంటారు. అప్పటి నుంచి ఆ యంత్రానికి మద్దతు లేదన్న మాట వినబడుతుంది. తునక మాత్రం నిన్నటి వలెనే పనిచేస్తూ ఉంటుంది.

హాస్‌వెల్ కథ ఇక్కడ గమనింపదగినది. ఈ గ్రాఫిక్సు ఫీచర్ లెవెల్ 11.1 వరకు చేయగలదు. మొదట దాని డ్రైవరు డైరెక్ట్‌ఎక్స్ 12 భాషను కూడ అర్థం చేసుకొనేది. తరువాత అందులో ఒక భద్రతాలోపం ఉండవచ్చునని తేలినది. దాని ద్వారా దుష్టప్రోగ్రాములు తమకు లేని అధికారాలను సంపాదించే అవకాశం ఉన్నది. ఇంటెల్ 15.40.44.5107 సంఖ్య గల డ్రైవరు నుంచి డైరెక్ట్‌ఎక్స్ 12ను తొలగించివేసినది. ఈ సంగతి 2021లో పత్రికలకెక్కినది. డైరెక్ట్‌ఎక్స్ 12 తప్పక కావలసినవారు 15.40.42.5063 గాని, అంతకంటె పాతది గాని పెట్టుకోవచ్చునని కూడ ఆ సంస్థ తెలిపినది. పాత డ్రైవరు పెడితే ఆట నడవవచ్చును. కాని మూసిన తలుపు మరల తెరుచుకొంటుంది. ఇంట్లో అదే యంత్రంమీద నాన్నగారు బ్యాంకు లావాదేవీలు చూస్తూ ఉంటే, ఒక ఆట కోసం ఆ తలుపు తెరవడం తగదు. చాల ఆటలు డైరెక్ట్‌ఎక్స్ 11తో కూడ నడిచే వీలు కల్పిస్తాయి. ముందుగా ఆ వీలును వెదకవలెను.

తయారీదారుడు విడిచిన చోట మరొకరు దుబాసి పని చేయడమూ ఉన్నది. లినక్సులో గ్రాఫిక్సు డ్రైవర్లను ‘మెసా’ అనే సామూహిక కృషి ద్వారా అనేకులు కలిసి తయారుచేస్తారు. డైరెక్ట్‌ఎక్స్ మాటలను ‘వల్కన్’ అనే మరొక భాషలోకి మార్చే ‘డిఎక్స్‌వికె’ అనే ప్రోగ్రామును వాల్వ్ సంస్థ 2018లో తన ‘ప్రోటాన్’లో చేర్చినది. అప్పటి నుంచి విండోస్ కోసం రాసిన వేలాది ఆటలు లినక్సులో నడుస్తున్నవి. కొన్ని ఆటలు పరికరం పేరు మాత్రమే చూచి నిరాకరిస్తాయి. అట్టివాటికి వేరొక గుర్తింపు సంఖ్య చెప్పే సౌకర్యం కూడ డిఎక్స్‌వికెలో ఉన్నది. అయినా ఈ దారికీ హద్దు ఉన్నది. 2022లో వచ్చిన డిఎక్స్‌వికె 2.0 వల్కన్ 1.3 కావలెనని కోరుతుంది. హాస్‌వెల్‌కు మెసాలో ఉన్న వల్కన్ డ్రైవరు ఆ మెట్టు ఎక్కలేదు. కనుక హాస్‌వెల్ వాడేవారు అంతకు ముందరి 1.10 వరుసతో సరిపెట్టుకోవలసినదే.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రయోగంగా చేయించవచ్చును. విండోస్‌లో ‘డిఎక్స్‌డయాగ్’ అనే ప్రోగ్రామును తెరిచి, డిస్‌ప్లే పుటలో గ్రాఫిక్సు పేరు, డ్రైవరు సంఖ్య, ఫీచర్ లెవెళ్ల వరుస రాసుకోవలెను. ఆట కోరే వాటిని పక్కన రాయవలెను. ఆట కోరిన ఫీచర్ లెవెల్ ఈ వరుసలో లేకపోతే అది సాధారణంగా రెండవ జాతి లోపం. ఉండి కూడ ఆట ప్రారంభం కాకపోతే మూడవ జాతి అయి ఉండవచ్చును. అప్పుడు యంత్ర తయారీదారుడో, ఇంటెల్, ఏఎండి వంటి సంస్థలో స్వయంగా ఇచ్చే డ్రైవరును మాత్రమే తెచ్చి పెట్టి చూడవలెను. ఆట ప్రారంభమై నత్తనడక నడిస్తే మొదటి జాతి. అప్పుడు చుక్కల సంఖ్యను, నీడలను ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిమారు సెకండుకు ఎన్ని బొమ్మలు వస్తున్నవో పట్టిక వేయవలెను. ఒకేమారు రెండు మార్చరాదు. మారిస్తే ఏది ఫలించినదో తెలియదు.

ఇట్లా చేసిన విద్యార్థికి ఆట దక్కవచ్చును, దక్కకపోవచ్చును. కాని తన యంత్రం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో, ఏమి చేయగలిగి కూడ చేయడం లేదో అతనికి స్పష్టంగా తెలుస్తుంది. కొత్తది కొనవలెనా అన్న ప్రశ్నకు ఇంటివారికి లెక్కలతో జవాబు చెప్పగలుగుతాడు. ఆటకు చాలని ఆ యంత్రమే పాఠాలు చదువుకొనడానికి, ప్రోగ్రాములు రాయడానికి ఇంకా కొన్నేళ్లు చక్కగా పనికివస్తుందని కూడ గ్రహిస్తాడు.