రెండు నిమిషాల విమానం

సీటు బెల్టు బిగించుకుని, కిటికీలోంచి సముద్రాన్ని ఒకసారి చూసి తల తిప్పేలోగా చక్రాలు మళ్లీ నేలను తాకుతాయి. స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు ఎగిరే విమానం ఇది. దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబుల్లో చూపే సమయం రెండు నిమిషాలు. ప్రపంచంలో టైంటేబుల్ ప్రకారం నడిచే ప్రయాణికుల విమానాల్లో ఇంతకన్నా చిన్న ప్రయాణం లేదు. ఎడిన్‌బరో విమానాశ్రయంలో రన్‌వే పొడవే ఇంచుమించు ఇంత!

గాలి కలిసొస్తే ఆ రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు. స్టువర్ట్ లింక్‌లేటర్ అనే పైలట్ ఒకసారి 53 సెకన్లలో దించేశాడు. ఇక్కడ తిరిగే బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ విమానం గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన దారి 40 సెకన్ల పనే, మిగతాదంతా లేవడానికీ దిగడానికీ. విమానం కూడా ముచ్చటగా ఉంటుంది: తల మీదుగా రెక్కలు, వాటికి రెండు ఇంజిన్లు, ఎనిమిది మందికి చోటు. పైలట్ పక్క సీటు కూడా ప్రయాణికుడిదే. పొట్టి రన్‌వే ఉన్నా చాలు, దిగిపోతుంది.

ఇంత చిన్న దూరానికి విమానమెందుకన్నది ఎవరికైనా వచ్చే సందేహమే. నిజానికి ఇది రికార్డు కోసం పుట్టిన సర్వీసు కాదు. 1967లో లోగన్ ఎయిర్ మొదలుపెట్టింది దీవులను పెద్ద పట్టణం కిర్క్‌వాల్‌తో కలపడానికి. అక్కడ బయల్దేరిన విమానం వెస్ట్రేలో కొందరిని దించి, పక్క దీవికి వెళ్లి, తిరిగి కిర్క్‌వాల్ చేరుతుంది. మన పల్లెవెలుగు బస్సు ఊరూరా ఆగినట్టే. డాక్టర్లు, టీచర్లు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఎక్కుతారు. వాళ్లకిది వింత కాదు, తర్వాతి స్టాపు. వింతంతా మన కళ్లలోనే.

దిగే దీవి పాపా వెస్ట్రేను అక్కడివాళ్లు ముద్దుగా 'పాపే' అంటారు. 2011 జనగణనలో జనం 90 మంది. ఇంత చిన్నచోట, పడమటి ఒడ్డున, గాలికి ఒదిగి కూర్చున్నట్టు నాప్ ఆఫ్ హోవర్ అనే రెండు రాతి ఇళ్లున్నాయి. క్రీ.పూ. 3700 ప్రాంతం నుంచి వాటిలో మనుషులు కాపురమున్నారు. అంటే గీజా పిరమిడ్ల కన్నా వెయ్యేళ్లు పెద్దవి. ఉత్తర ఐరోపాలో నిలిచివున్న అతి పాత ఇళ్లుగా వీటిని చెబుతారు. గుమ్మంలోంచి వంగి లోపలికి వెళితే రాతి పలకల అరలు, ధాన్యం నూరుకున్న రాయి కనిపిస్తాయి. ఇల్లాలు ఇప్పుడే బయటికి వెళ్లిందేమో అనిపిస్తుంది! ఉత్తరపు కొండ మీద వేసవిలో ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్లు పెడతాయి. ఆర్క్‌నీలో చివరి గ్రేట్ ఆక్ పక్షిని 1813లో కాల్చి చంపిందీ ఈ దీవిలోనే.

స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఇదేమంత దూరాభారం కాదు. ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్డీన్‌ల నుంచి కిర్క్‌వాల్‌కు విమానాలున్నాయి. అక్కడి నుంచి దీవులకు వెళ్లే విమానంలో ఉన్నవే ఎనిమిది సీట్లు కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. వెస్ట్రే మీదుగా వెళ్లే సర్వీసేనా అని కూడా చూసుకోవాలి, అన్నీ ఆ దారిన పోవు. పొగమంచు దిగితే విమానం కదలదు. అప్పుడు రెండు దీవుల మధ్య పడవే గతి, సుమారు 25 నిమిషాలు.