సదుద్దేశమునకు పరీక్ష

పాఠము చెప్పితిమన్న తృప్తి వేఱు. విద్యార్థికి అది వచ్చెనా యను పరీక్ష వేఱు. చెఱసాలలకును ఈ న్యాయమే వర్తించును.

లైంగిక నేరములు చేసినవారి మనస్సును మార్పవలెనని ఇంగ్లండు, వేల్సు కారాగారములు 1990వ దశకపు ప్రారంభమున ఒక చికిత్సను చేపట్టినవి. ఖైదీలను బృందముగా కూర్చుండబెట్టి, ఎవరి నేరమును వారి నోటనే చెప్పించి, బాధితుల వేదనను తలపోయించి, దుష్టచింతలను అణచుకొను మార్గములను బోధించుచుండిరి. ఉద్దేశము ఉత్తమమైనది. ఫలమో?

2017 జూన్‌లో బ్రిటిషు న్యాయ మంత్రిత్వశాఖయే ఆ లెక్క తేల్చెను. 2000–2012 నడుమ చికిత్స పొందిన 2,562 మందిని, పొందని 13,219 మందితో పోల్చి, సగటున 8.2 ఏండ్లు గమనించిరి. పొందనివారిలో నూటికి 8 మంది, పొందినవారిలో నూటికి 10 మంది మరల లైంగిక నేరము చేసిరి! నేరగాండ్రు కలిసి కూర్చుండి చెప్పుకొనగా చెప్పుకొనగా నేరము సామాన్యవిషయమై తోచియుండవచ్చునని పరిశోధకులు ఊహించిరి. అంతకుముందే, 2017 మార్చిలో, ఆ చికిత్సను విరమించి, గతమును త్రవ్వుటకంటె భావిజీవనమునకు వలయు నేర్పులను బోధించు కొత్త పద్ధతులను ప్రవేశపెట్టిరి.

ఈ పోలిక చీట్లు వేసి విభజించి చేసినది కాదని ఆక్షేపింపవచ్చును. కాని కాలిఫోర్నియాలో అట్లే విభజించి చేసిన పరీక్ష ఫలితము 2005లో వెలువడగా, అందును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. మఱికొన్ని పరిశోధనలలో మేలు కనబడినది. కావున చికిత్సయే వ్యర్థమనరాదు. పరీక్షింపని చికిత్సను నమ్మరాదు. ఇచట తప్పిన లెక్కకు మూల్యము చెల్లించునది మఱియొక నిరపరాధి.