బాసరలో రెండవ అక్షరాభ్యాసము

గోదావరీతీరమున జ్ఞానసరస్వతి సన్నిధిలో పసివారు ఓనమాలు దిద్దు బాసరలోనే 2008లో మరియొక విద్యాస్థానము వెలసినది. జనులు దానిని ట్రిపుల్ ఐటీ యందురు. పదవ తరగతి ముగించిన పల్లెబిడ్డలకు అచట ఆరేండ్ల చదువు. తొలి రెండేండ్లు ఇంటరుకు సాటి, తక్కిన నాలుగును బి.టెక్.

కంప్యూటరు శాఖలో పట్టమును కోరి వచ్చిన తెలుగు మాధ్యమపు విద్యార్థికి లెక్క అంత చిక్కు కాదు, ఆ లెక్కను చెప్పు ఆంగ్లమే చిక్కు. బడిలో 'ప్రమేయము'గా నేర్చినదే ఇచట 'ఫంక్షను'! పల్లెలో ఫంక్షననగా పెండ్లివిందు కదా! తెలిసిన విషయమునే తెలియనిదిగా భావించి ఆ బిడ్డ వెనుక బల్లపై మౌనము వహించును. తొలి రెండేండ్ల అసలు పరీక్ష ఇదియే.

2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగులోనూ ఇంజనీరింగు బోధనకు అనుమతించినది. మంచిదే. కాని అంతదాక ఆగనేల? పదవ తరగతి గణితోపాధ్యాయుడు నల్లబల్లపై ఆ రెండు మాటలను ప్రక్కప్రక్కనే వ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.