పహాణీలోని చుక్క

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములందు భూమి గలవారి యింట పహాణీ నకలు సాధారణముగా నుండును. అందు విస్తీర్ణము 2.20 అని యున్నచో పెద్దలు దానిని రెండెకరముల యిరువది గుంటలని చదువుదురు. ఎకరమునకు 40 గుంటలు గావున అది రెండున్నర యెకరములు. దశాంశములు నేర్చిన బాలుడో, దానినే రెండెకరముల యెనిమిది గుంటలుగా లెక్కించును. వ్రాత యొకటే, భేదము 12 గుంటలు.

మనుష్యుడు సందేహము కలిగిన నడిగి తెలిసికొనును. కంప్యూటరు అడుగదు. 'ఎల్లారెడ్డి, 145/ఆ, 2.20' అను పంక్తి దానికి అక్షరముల వరుస మాత్రమే. ఆ వరుసను విడదీసి, గ్రామమును, సర్వే నెంబరును, విస్తీర్ణమును వేఱువేఱు గడులలో నుంచుటకు పార్సింగు అని పేరు.

ఈ పని మూడు మెట్లుగా జరుగును. మొదట కామాల యొద్ద పంక్తిని ఖండింపవలెను. పిదప ఒక్కొక్క ఖండమును దాని వాడుక ననుసరించి విడదీయవలెను: గీటునకు ముందున్నది సర్వే నెంబరు, తరువాతిది ఉపవిభాగము, చుక్కకు ముందున్నవి యెకరములు, తరువాతివి గుంటలు. కడపట పరీక్షింపవలెను. గుంటలు 39కి మించవు గనుక, 2.45 అని వచ్చిన దానిని నిలిపి మనుష్యునికి చూపవలెను.

విస్తీర్ణమును తొందరపడి దశాంశ సంఖ్యగా గైకొన్నచో 2.20 కాస్త 2.2 అగును. అది రెండు గుంటలో యిరువది గుంటలో పిమ్మట తెలియదు. 12/5 అను సర్వే నెంబరును కొన్ని లెక్కల పట్టికలు తమంతట తామే తేదీగా మార్చివేయును. కావున ఇట్టివానిని మొదట అక్షరములుగానే చదివి, మూలపంక్తిని చెరుపక భద్రపఱచవలెను.

తెలంగాణమున 2020లో ధరణియు, 2025లో దాని స్థానమున భూభారతియు వచ్చుటచే భూమి లెక్కలు కంప్యూటరులందే నడచుచున్నవి. తూము వద్ద కలిసిన మురికి నిజాంసాగరు కాలువ వెంట పిల్లకాలువలకును, మడులకును చేరునట్లు, మొదటి మెట్టున జరిగిన తప్పు తరువాతి లెక్కలన్నిటికిని ప్రాకును. 2018లో రైతుబంధు పథకమున ఎకరమునకు, పంటకాలమునకు 4,000 రూపాయలు నిర్ణయింపబడెను. రెండున్నర యెకరములకు 10,000 రావలెను, 2.20ని దశాంశముగా చదివిన 8,800 మాత్రమే వచ్చును. 1,200 రూపాయలు ఒక చుక్క పాలగును!

బాలబాలికలారా! గుంటలను 40చే భాగించి యెకరములకు కలుపుడు, 1.30 అనగా ఒకటి ముప్పాతిక యెకరము. మీ యింటి పహాణీని ఈ రీతిని లెక్కించి పెద్దలకు వినిపింపుడు.