ఇంటికీ ఒక దృగ్గణితం

"ఒక్క గడియలో వచ్చేస్తా" అని తేలిగ్గా అనేస్తుంటాం. నిజానికి గడియ అంటే 24 నిమిషాలు. రోజుకు 60 గడియలు. అడుగున సన్నని చిల్లున్న గిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునిగేందుకు పట్టే కాలమే గడియ. మన గోడ మీది గడియారానికి ఆ పేరు అక్కణ్ణించి వచ్చిందే.

రైళ్లొచ్చాక ఊరికో పొద్దంటే కుదరలేదు. 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీలో నక్షత్రాలను చూసి దిద్దుకున్న టైమే రైళ్లకూ టైమయింది. 1906లో ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చాక మద్రాసు టైము దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగింది.

విక్టోరియా రాణి కాలంలో ఆ అబ్జర్వేటరీలో పనిచేసినవారు చింతామణి రఘునాథాచారి. వెలుగు మారే ఒక నక్షత్రాన్ని 1867లో గుర్తించారాయన. దృగ్గణిత పంచాంగం వేసిందీ ఆయనే. దృక్కు అంటే చూపు. పాత సూత్రాలతో కట్టిన లెక్క, కంటికి కనిపించే ఆకాశంతో సరిపోవాలన్నది అందులోని సంగతి. చెప్పిన వేళకు గ్రహణం పట్టకపోతే దిద్దుకోవాల్సింది లెక్కనే కదా!

మా సూళ్లూరుపేట వాళ్లకు సెకన్ల లెక్క కూడా అలవాటే. పక్కనే శ్రీహరికోట ఉందాయె. 2023 జూలై 14న చంద్రయాన్-3 సరిగ్గా మధ్యాహ్నం 2.35కి లేచింది. రాకెట్టుకు ఇంత కచ్చితమైన లెక్కుంది. మరి వంటింటికో?

"ఇంట్లో ఉండేదానివి, నీకేం పని?" అన్న మాట వినని ఇల్లాలు ఉందా? అదీ ఒక పాత లెక్కే. కళ్లతో చూసి కట్టింది కాదు. 2019లో దేశమంతటా టైమ్ యూజ్ సర్వే జరిగింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారట. ఆ పని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. గడియల్లో చెప్పాలంటే మనవి పన్నెండున్నర, వాళ్లవి నాలుగు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే వేళ ఇందులో కలవనే లేదు.

ఈ వారం ఓ పని చేయండి. కాలెండరు పక్కన ఒక కాగితం తగిలించండి. నీళ్లు పట్టడం, అంట్లు, వంట, బట్టలు... ఎవరు చేస్తే వాళ్ల పేరు, పట్టిన నిమిషాలు రాయండి. పిల్లలచేత రాయిస్తే మరీ మంచిది, వాళ్ల కంట పడనిది ఉండదు. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి కూడించండి. దెబ్బలాట అక్కర్లేదు. అంకెలు చూశాక, ముందుగా ఏ పని ఎవరు తీసుకుంటారో అడగండి, చాలు.